గోడపక్కకు తిరగండి

గూడూరు జంక్షన్లో తిరుపతి రైలు కోసం కూర్చుని ఉంటే మునిరత్నం కనిపించాడు. ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాడు. చేతిలో నిమ్మకాయల సంచి. నన్ను చూడగానే సంచి బెంచీ మీద పెట్టి, నమస్కారం పెట్టి, యోగక్షేమాలేమీ అడగకుండా ఒకటే మాట అన్నాడు.

"మేడం, మీకు తెలిసిందా? సారు పోయినాడు."

ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్య సారు అంటే ఒక్కడే.

"వచ్చే ఆదివారం తిరపతిలో సంతాపసభ పెట్టినారు మేడం. పాతోళ్ళందరూ వస్తాండారు. మిమ్మల్ని గూడా రెండు మంచి మాటలు సెప్పమని అడగమన్నారు."

"రెండా? ఒక్కటి దొరికితే చెప్తాలే" అన్నాను.

పోయినవాళ్ళను తిట్టకూడదని మా ఇంట్లో నన్ను గట్టిగానే పెంచారు. అందుకని రైలెక్కాక నిజంగానే ఆ ఒక్క మాట కోసం వెతికాను. వెంకటగిరి దాటింది, కాళహస్తి దాటింది. రేణిగుంట దగ్గరికి వచ్చాక ఒకటి దొరికింది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవు పెట్టలేదు. ఆలోచిస్తే అది కూడా మంచి మాట కాదని తేలింది. ఆయన ఒక్కరోజు సెలవు పెట్టి ఉంటే ఆ ఒక్కరోజైనా మేం ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

పేరు రాయను. రాస్తే ఆయనకు దక్కాల్సినదానికంటే ఎక్కువ దక్కుతుంది.

ఎనభైల్లో తిరుపతిలో మేం పనిచేసిన విద్యాసంస్థకు ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. కంప్యూటర్ అంటే ఇప్పటిలా ఒళ్ళో పెట్టుకునేది కాదు. అద్దాల గదిలో బీరువాల్లాంటివి వరుసగా నిలబడి, చలికి వణికిపోయేంత ఏసీలో అదొక్కటే సుఖంగా ఉండేది. బయటి హాల్లో కొన్ని టెర్మినళ్ళు. మేమందరం ఆ టెర్మినళ్ళ ముందు కూర్చుని లోపలున్న ఆ ఒక్క మిషనునే పంచుకునేవాళ్ళం. నేను ప్రోగ్రామర్ని. మద్రాసు వెళ్ళి చదువుకుని వచ్చి, చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆయన ఇన్‌ఛార్జి.

ముందుగా నస్యం గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన కంటే ముందు ఆ వాసన వచ్చేది. మేం చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని లోపలికి రావాలి. దుమ్ము పడితే మిషను చెడిపోతుందని ఆయన పెట్టిన రూలు. ఆయన మాత్రం అద్దాల గదిలోనే పొడుం డబ్బా తీసి, మూతమీద వేలితో కొట్టి, చిటికెడు తీసుకుని రెండు ముక్కుల్లోకీ దట్టించేవాడు. ఆపైన మూడు తుమ్ములు మిషను మీదికే. మిగిలిన పొడిని బల్ల అడుగున రాసేవాడు. అదే వేలితో కీబోర్డు కొట్టేవాడు. ఆయన కీబోర్డు మీద అక్షరాలు కనిపించేవి కావు, గోధుమరంగు పేరుకుని ఉండేది. ఒకసారి ఆయన లేనప్పుడు బల్ల అడుగున ఏదో పడితే తీయబోయి చెయ్యి పెట్టాను. ఇంటికి వెళ్ళి సీకాయతో కడుక్కున్నా ఆ జిడ్డు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఇక ఆయన రాజ్యం. ఆ మిషను వాడుకోవాలంటే ప్రతివాడికీ ఒక అకౌంటు ఉండాలి, దానికో పేరు, పాస్‌వర్డు ఉండాలి. అది ఇచ్చేది ఆయనే. అకౌంటు ఇచ్చినంత మాత్రాన అయిపోయిందనుకుంటే మన అమాయకత్వం. ఒకడు చూడొచ్చు, రాయకూడదు. ఇంకొకడు రాయొచ్చు, నడపకూడదు. నాబోటి ప్రోగ్రామరు నడపొచ్చు, కానీ సీట్లో ఉన్నంతసేపే. లేచి ఇంటికి పోతే మా పని కూడా అక్కడే ఆగిపోయేది. మనం లేనప్పుడు దానంతటది మొదలై, దానంతటది నడిచి, పొద్దున మనం వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంచే ఏర్పాటు ఆ మిషనులో ఉంది. దాన్ని కనిపెట్టిందే అందుకు. కానీ ఆ పర్మిషను మొత్తం సంస్థలో ఒక్క అకౌంటుకే ఉండేది. అది ఎవరి అకౌంటో చెప్పనక్కర్లేదు.

ఎవరైనా అడిగితే ఆయన దగ్గర తయారుగా ఒక జవాబుండేది.

"అకౌంటు ఇచ్చినా గదప్పా. కూసోమని పీటేస్తే పడుకునేదానికి మంచం అడగతావా?"

ఇంకొంచెం గట్టిగా అడిగితే ముక్కు తుడుచుకుంటూ, "అడిగితే ఇస్తా. అడిగే తీరులో అడగాల" అనేవాడు. ఆ తీరేమిటో ఎవరికీ తెలియదు. ఒకరోజు నిలబడి అడగడం తప్పు, ఇంకోరోజు కూర్చుని అడగడం తప్పు. ఇంగ్లీషులో అడిగితే పొగరు, తెలుగులో అడిగితే లెక్కలేనితనం. ఒక లెక్చరరు పాపం రోజూ వచ్చి ఆయన కొడుకు చదువు గురించి విచారించి వెళ్ళేవాడు. తనకు కావలసింది అడగడానికి ధైర్యం చాలక అలాగే రిటైరైపోయాడు.

అన్నిటికంటే రోత పుట్టించేది గోడ. ఆయన పాస్‌వర్డు కొట్టే ముందు గదిలో ఎంతమంది ఉన్నా సరే గొంతు సవరించుకుని, "గోడపక్కకు తిరగండి" అనేవాడు. అందరం తిరగాలి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు, తలలు నెరిసినవాళ్ళు, ఇంట్లో పదిమందిని గదమాయించేవాళ్ళు బడిపిల్లల్లా గోడకు ముఖం పెట్టి నిలబడేవాళ్ళు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుకుని, ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటూ రెండు వేళ్ళతో కొట్టేవాడు. తప్పు పడితే మళ్ళీ మొదటినుంచి. ఆ గోడకు సున్నం ఎక్కడ పొరలు లేచిందో, బల్లి ఎక్కడ తిరుగుతుందో నాకు కంఠతా వచ్చేసింది. అయిపోయాక "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినపడే వరకూ మెడ తిప్పకూడదు.

మునిరత్నం మాకు రీసెర్చి స్కాలరుగా వచ్చాడు. బంగారుపాళ్యం దగ్గర పల్లె. వాళ్ళకు చిన్న మామిడి తోట. జిల్లాలో బావుల్లో నీళ్ళు ఏ ఏడు ఎంత పడిపోయాయో, వానకూ దానికీ సంబంధమేమిటో లెక్కలు తీస్తున్నాడు. బావుల వెంట తిరిగి తిరిగి ముఖం నల్లబడిపోయినవాడు, ప్రోగ్రాము రాయడం నా దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే అంతా ఇంతా కాదు. ఒక్క లైను ఎందుకు ఉందో చెప్పలేకపోతే దాన్ని ఉంచేవాడు కాదు. చివరికి తయారైన ప్రోగ్రాము చూసి నాకే ఈర్ష్య పుట్టింది. తప్పు పట్టుకుందామని నేను కూడా కూర్చున్నాను. దొరకలేదు.

చిక్కల్లా అది నడవడానికి చాలా సమయం పడుతుంది. రోజుల తరబడి ఆగకుండా నడవాలి. పగలు సీట్లో కూర్చుని నడుపుదామంటే జీతాల బిల్లులూ, పరీక్షల మార్కులూ అడ్డం. అతని స్కాలర్‌షిప్పు దీపావళికి ముగిసిపోతుంది. లెక్చరరు పోస్టుకు ఇంటర్వ్యూ కూడా అప్పుడే. థీసిస్ ఇచ్చి ఉంటేనే లోపలికి పిలుస్తారు. అంటే మనిషి లేకుండా పని నడిచే ఆ పర్మిషను దొరకాలి, లేదా అతను తోటకు తిరిగి వెళ్ళాలి. అంతే సంగతి.

వేసవిలో వాళ్ళ నాయన ఒక గంప నిండా మామిడిపళ్ళు బస్సు టాపు మీద వేసుకుని వచ్చాడు. కొడుకు వద్దన్నా వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, కాళ్ళు కడుక్కోమంటే చేతులు కూడా కడుక్కుని లోపలికి వచ్చాడు. గంప దించి, "అయ్యా, మావోడికి ఆ పర్మిషనో ఏందో ఇచ్చేస్తే వాడి పని వాడు సేసుకుంటాడంట" అన్నాడు.

ఆయన గంపలో చెయ్యి పెట్టాడు. ఒక్కొక్క పండునూ బొటనవేలితో నొక్కి చూశాడు. నస్యం వేలే. నొక్కిన చోటల్లా సొట్ట పడింది. "ఇది నార. ఇది పులుపు. ఇది ఇంగా మాగలా" అంటూ నచ్చనివి పక్కన పెట్టాడు. నచ్చినదాన్ని అక్కడే, ఆ అద్దాల గదిలోనే కొరికి తిన్నాడు. దుమ్ము పడకూడని చోట రసం మోచేతుల దాకా కారింది. టెంకను చీకి చీకి నాముందున్న చెత్తబుట్టలో వేసి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు.

"నీ కొడుక్కి బుద్ధి నేర్పించప్పా. అడిగే తీరు తెలీదు వాడికి."

ఆ పెద్దాయన ముఖం చూడలేక నేను బయటికి వచ్చేశాను. వరండాలో మునిరత్నం నిలబడి ఉన్నాడు. "నాయన సొట్టలు పడిన పండ్లు వెనక్కి తీస్కపోతాడా మేడం?" అని అడిగాడు. తీసుకుపోలేదు. నచ్చనివి కూడా సారే రిక్షాలో తన ఇంటికి పంపించుకున్నాడు.

ఆయన ఇలా ఎందుకయ్యాడని ఎవరైనా అడుగుతారేమో. నాకు కొంచెం తెలుసు. కార్డులకు చిల్లులు కొట్టే గుమస్తాగా మొదలైనవాడు. పైవాళ్ళు ఆయన్ను మిషను గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదట, గుమ్మం దగ్గర కార్డులు పెట్టి పొమ్మనేవాళ్ళట. తాళంచెవి చేతికొచ్చాక ఆయన ఆ గుమ్మాన్ని అందరికీ పెట్టాడు. ఇది తెలిశాక నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. ఆ అవమానమెలా ఉంటుందో తెలిసి కూడా దాన్ని ఏరి కోరి ఇంకొకరికి వడ్డించేవాడి మీద నాకు రెండింతలు అసహ్యం కలిగింది.

దసరా దగ్గరపడింది. మునిరత్నం ఆయన వెంటపడి పడి, చివరికి అడిగే తీరేదో తగిలిందో, లేక మామిడిపళ్ళు అరిగాయో, ఒకరోజు ఆయన కరిగాడు. పర్మిషను ఇవ్వడానికి కాదు.

"పర్మిషను నీకిచ్చేది లేదు. నా పేరు మీద నడిపిస్తా. ఆయుధపూజ నుంచి సెలవులు గదా, మిషను ఖాళీగానే ఉంటాది. ఎవురూ సెయ్యి పెట్టకుండా దానంతటదే నడిస్తే దోషం లేదు."

ఆయన పేరు మీద నడిస్తే వచ్చే జవాబు కూడా ఆయన అకౌంటులోనే పడుతుంది. తన లెక్క తాను చూసుకోవడానికి కూడా మునిరత్నం మళ్ళీ ఆయన్నే అడుక్కోవాలి. అయినా ఆ అబ్బాయి సంతోషంతో నా ముందు ఎగిరినంత పని చేశాడు.

ఆ మిషను ఏ పనినైనా ఒక హద్దు దాటితే తెగ్గొట్టేసేది, ఎవరి అకౌంటైనా సరే. అందుకని ప్రోగ్రామును ముక్కలు చేశాం. ఒక ముక్క ముగియగానే అది రెండోదాన్ని లేపుతుంది, రెండోది మూడోదాన్ని. లేచిన ప్రతి ముక్కా తలుపు దగ్గర ఫలానావారి పనిని అని పేరూ పాస్‌వర్డూ చెప్పుకోవాలి. అప్పుడే లోపలికి రానిస్తుంది. ప్రతి ముక్కలోనూ ఆ చోటు ఖాళీగా వదిలిపెట్టి ఆయనకిచ్చాం. మేమిద్దరం గోడవైపు తిరిగి నిలబడ్డాం. ఆయన తువ్వాలు కప్పుకుని ఒక్కొక్క ముక్కలో తన పాస్‌వర్డు కొట్టుకుంటూ పోయాడు. నా కాళ్ళు లాగేశాయి. మొదటి ముక్క నడవడం మొదలైంది. మిషనులో టేపు తిరిగిన చప్పుడు విని మునిరత్నం గోడకు నమస్కారం పెట్టాడు.

మర్నాడు ఆయుధపూజ. పొద్దున్నే హాలంతా కడిగారు. టెర్మినళ్ళకూ మిషనుకూ చందనం, కుంకుమ పెట్టారు. గుమ్మానికి మామిడాకులు, చక్రాల కింద పెట్టినట్టు అద్దాల తలుపు కింద నిమ్మకాయలు. గుగ్గిళ్ళు, పొంగలి వాసన. మా వైపు అలవాటు తెలిసిందే కదా, పూజలో పెట్టిన పనిముట్టును విజయదశమి దాకా ముట్టుకోకూడదు. కంసాలి సుత్తి ముట్టడు, బస్సు డ్రైవరు స్టీరింగు ముట్టడు. మా మిషను దానంతటది నడుస్తుంది కాబట్టి మునిరత్నానికి అదే వరమైంది.

హారతి అయింది. గుమ్మడికాయ కొట్టారు. అందరం ప్రసాదానికి లేవబోతుంటే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గోడపక్కకు తిరగండి."

"ఎందుకు సార్?" అన్నాను.

"పూజ నాడు పాస్‌వర్డు మారుస్తా గదమ్మా. ఏటా ఉండేదే. పాత ఆయుధం పెట్టి కొత్తది తీస్కోవాల."

"మార్చొద్దు సార్. మునిరత్నం పని నడుస్తా ఉంది. దాని ముక్కల్లో మీరు కొట్టింది పాత పాస్‌వర్డు. ఇప్పుడు మారిస్తే రెండో ముక్క లేచి పాతదే చెప్తుంది. లోపలికి రానివ్వదు, ఆగిపోతుంది."

"నా పాస్‌వర్డు సంగతి నాకు సెప్తావా?"

"పోనీ మార్చండి సార్. మార్చి, ఆ ముక్కల్లో కూడా కొత్తది కొట్టేయండి. మేం తిరిగి నిలబడతాం, ఎంతసేపైనా."

ఆయన తువ్వాలు కప్పుకున్నాడు. మేం గోడవైపు తిరిగాం. కీబోర్డు చప్పుడు కొంచెంసేపు వినిపించింది, ఆగింది. "ఊఁ" అన్నాడు. తిరిగి చూస్తే అప్పటికే కీబోర్డు మీద పువ్వు పెట్టి, అక్షింతలు చల్లేస్తున్నాడు.

"సార్, ముక్కలు?"

"పూజయిపోయినాదమ్మా. ఇంక దశమి దాకా ముట్టగూడదు. నేనైనా ముట్టగూడదు."

"పూజలో మీరు నస్యం పీల్చొచ్చు గానీ, ఒక పిల్లాడి బతుకు కోసం కీబోర్డు ముట్టకూడదా?" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. అందరూ విస్తరాకులు పట్టుకుని మా వైపు చూశారు. మునిరత్నం ముందుకు వచ్చి, "సార్, ఒక్క రవ్వ సేపు సార్, నాయనకు గూడా సెప్పినా ఈసారి అయిపోతాదని" అన్నాడు.

ఆయన వాడి చేతిలో పొంగలి పెట్టాడు. "తినప్పా. అంతా దేవుడు సూసుకుంటాడు." తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని బయలుదేరాడు. సెలవులయ్యే దాకా ఆ తలుపు తెరుచుకోదు. తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదు, మళ్ళీ ఆయన పర్మిషనే.

విజయదశమి దాటి, సెలవులయ్యాక తలుపు తీశారు. ఏం జరిగి ఉంటుందో మాకు తెలిసిందే. మొదటి ముక్క పూర్తయింది. రెండోది గుమ్మం దగ్గరే పడి ఉంది. ఆ తర్వాతవి లేవనే లేదు. జీతాల బిల్లులు వచ్చి కూర్చున్నాయి, మార్కులు వచ్చి కూర్చున్నాయి.

ఆయన స్క్రీను చూసి, ముక్కు చీది, తాపీగా అన్నాడు. "నీ ప్రోగ్రాము తప్పప్పా. మిషను తోసేసినాది."

"ప్రోగ్రాము తప్పు కాదు సార్. మీరు పాస్‌వర్డు మార్చారు" అన్నాను.

ఆయన నావైపు తిరిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కోపం లేదు. కళ్ళల్లో ఒక మెరుపు, నోట్లో పండు పడ్డట్టు.

"మార్చినానని నీకెట్లా తెలుసమ్మా? నువ్వు గోడపక్కకు తిరగలేదా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మీరే కదా సార్ చెప్పారు, మారుస్తానని?"

"మారుస్తానన్నా. మార్చినానని సెప్పినానా? సూసినావన్నమాట."

ఇంత రోత మాటను నేను ఆఫీసులో అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. విన్న తర్వాత, అక్కడే తేల్చుకుందామని సంస్థ డైరెక్టరు గది దాకా ఎలా నడిచామో తెలియదు. ఆయన వెనక మునిరత్నం, మునిరత్నం వెనక నేను. వరండా మలుపులో ఆయన ఆగి, వాడి భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పాడు. నాకు వినపడేటట్టే చెప్పాడు.

"తప్పు నాదేనని ఒక్క మాట అను. రేపే మళ్ళీ నడిపిస్తా. లేదంటే నీ ఇష్టం."

డైరెక్టరు మంచివాడే. చిక్కులు లేకుండా రిటైరవ్వాలని చూస్తున్న మంచివాడు. నేను జరిగిందంతా చెప్పాను. డైరెక్టరు విని, మునిరత్నాన్ని అడిగాడు. "ఏం బాబూ, నీ ప్రోగ్రాములో ఏమన్నా తప్పుందా?"

మునిరత్నం నావైపు చూడలేదు. చేతులు కట్టుకున్నాడు. మెడ వంచాడు.

"తప్పు నాదే సార్. నా ప్రోగ్రాములోనే తప్పుండాది."

ఒక్క లైను ఎందుకుందో చెప్పలేకపోతే ఉంచని పిల్లాడు ఆ మాట అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. దీపావళి ముంచుకొస్తూ ఉంటే, తోటలో నాయన ఎదురుచూస్తూ ఉంటే నేనైనా అదే అనేదాన్నేమో. వాడి నోటినుంచి దాన్ని బయటికి లాగి, ఆ పక్కనే నిలబడి వక్కపొడి నములుతున్నవాడి మీదే నా కోపమంతా.

ఆ సాయంత్రమే నా అకౌంటు తీసేశాడు. దొంగచూపులు చూసినందుకు. చాలా నెలలు నేను అకౌంటు లేని ప్రోగ్రామర్ని. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, కాళ్ళు కడుక్కుని, వెలగని టెర్మినల్ ముందు కూర్చుని, సాయంత్రం లేచి వెళ్ళేదాన్ని. జీతం మాత్రం ఇచ్చేవాళ్ళు. ఆ ఖాళీ స్క్రీనులో నా ముఖం నాకు కనిపించేది. వెనకనుంచి ఆయన తుమ్ము వినిపించేది.

ఇక రేపే నడిపిస్తానన్నది? ఆయన రేపు సంక్రాంతి దాటాక వచ్చింది. అప్పటికి స్కాలర్‌షిప్పు ముగిసింది, ఇంటర్వ్యూ అయిపోయింది, పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. మళ్ళీ నడిపినప్పుడు ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నడిచింది, చివరి ముక్క దాకా శుభ్రంగా నడిచింది. మునిరత్నం డాక్టరేటు ఆలస్యంగా వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో అందరికంటే ముందు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాల్సి వచ్చింది. అది కూడా ఆయనే చదివి, చాలలేదని ఇంకో రెండు విశేషణాలు వేయించుకున్నాడు.

ఆదివారం సభకు వెళ్ళాను. తిరుపతిలో ఒక లాడ్జి మీది హాలు. స్టేజీ మీద కుర్చీలో ఆయన ఫోటో, దానికి చామంతి దండ. ఫోటోలో కూడా భుజం మీద తువ్వాలుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆయన క్రమశిక్షణ గురించీ, ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క దొంగ కూడా మిషను జోలికి రాకపోవడం గురించీ మాట్లాడారు. నిజమే. దొంగలే కాదు, పనున్నవాళ్ళు కూడా రాలేకపోయారు. నన్ను పిలిస్తే గొంతు బాగా లేదన్నాను.

మునిరత్నాన్ని పిలిచారు. వెళ్ళే ముందు నావైపు వంగి, "ఈ రోజు సెప్పేస్తా మేడం. అందుకే వచ్చినా" అన్నాడు. జుట్టు నెరిసిపోయింది. స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని ఫోటో వైపు చూశాడు. అంతే, చేతులు వాటంతటవే కట్టుకున్నాయి, మెడ వంగింది.

"సారు మాకు శానా సాయం సేసినారు" అన్నాడు. ఇంకేదో గొణిగాడు. దిగి వచ్చేశాడు.

సభ అయింది. అందరూ పక్క గదిలోకి టిఫిన్లకు వెళ్ళారు. పొంగలి వాసన వచ్చింది. మునిరత్నం కుర్చీలోంచి లేవలేదు.

"ఫోటోలో నుంచి ఎగజూస్తా ఉండాడు మేడం. నోరు రాలా."

నాకు ఎక్కడలేని మంట పుట్టింది. చచ్చి కూడా ఈయనకు ఒకడి నోటికి తాళం వేసే పర్మిషను ఉండాలా? లేచి స్టేజీ ఎక్కాను. దండ జారకుండా పట్టుకుని, ఆ ఫోటోను కుర్చీలోనే అటు తిప్పాను. అట్ట వైపు మాకు, ముఖం గోడకు.

"గోడపక్కకు తిరిగినాడు. ఇప్పుడు చెప్పప్పా" అన్నాను.

మునిరత్నం లేచి నిలబడ్డాడు. ఖాళీ కుర్చీల మధ్య నిలబడి, కట్టుకున్న చేతులు కిందికి వదిలాడు. గొంతు సవరించుకున్నాడు.

"నా ప్రోగ్రాములో తప్పు లేదు సార్."

ఆ చివరి "సార్" ఒక్కటే నేను మాన్పించలేకపోయాను.